మల్లెమొగ్గల కప్ కేకులు – నేను ఆలస్యంగా నేర్చుకున్న లెక్క

(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో, జీవనోపాధుల అంశం మీద ఒక సంఘ సభ్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను బేకరీ యూనిట్ గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఎంత అప్పు తీసుకున్నావు, ఎంత సంపాదిస్తున్నావు, అవి చెప్పు చాలు అన్నారు. అవి చెప్తాను. కానీ అవి చెప్పాలంటే ముందు ఒక పుట్టినరోజు గురించి చెప్పాలి. పోయిన వేసవిలో నా స్నేహితురాలి పుట్టినరోజుకి 48 కప్ కేకులు చేశాను. నా వ్యాపారం నిలబడింది ఆ 48 కప్ కేకుల వల్లే. అయితే ఆ కేకులు నేను అమ్మలేదు. ఊరికే ఇచ్చాను.

ఆ స్నేహితురాలు మా సంఘం లీడరు. నాకంటే ఏడేళ్ళు పెద్ద. నేను అక్కా అంటాను. పేరు చెప్పొద్దని పొద్దున్నే ఒట్టు వేయించుకుంది. ఇక్కడే కూర్చుని ఉంది, మీరెవరూ వెనక్కి తిరిగి చూడకండి, నన్ను తర్వాత తిడుతుంది.

నేను ఆ ఊరికి కోడలిగా వచ్చినప్పుడు బ్యాంకు గుమ్మం తొక్కాలంటే భయం. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది ఆవిడే. వోచరు ఎక్కడ రాయాలో, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించింది ఆవిడే. సంఘంలో చేర్పించిందీ ఆవిడే. అలాంటి మనిషితో నేను మూడు నెలలకి పైగా మాట్లాడలేదు. ఎందుకో చెప్తాను.

బేకరీ పని మీద ఆర్‌సెటిలో శిక్షణ తీసుకుని వచ్చాక, బ్యాంకు లింకేజీ అప్పులో నా వంతుకి 40,000 తీసుకున్నాను. ఓవెన్ కొన్నాను, బీటర్ కొన్నాను, ట్రేలు, అచ్చులు, తూకం మిషను కొన్నాను. నెలకి 2,000 రూపాయల కిస్తీ. కప్ కేకు ఒక్కోటి 15 రూపాయలకి అమ్మేదాన్ని. బడి పిల్లలు, రెండు కిరాణా కొట్లు, అప్పుడప్పుడూ ఎవరింట్లోనో పుట్టినరోజు ఆర్డరు. నెలకి అటూ ఇటూగా 300 పోయేవి. అందరూ బాగున్నాయనేవాళ్ళు. నేను కూడా వ్యాపారం బాగుందనే అనుకున్నాను. కానీ కిస్తీ తేదీ వచ్చేసరికి చేతిలో డబ్బు ఉండేది కాదు. డబ్బు ఎటు పోతోందో నాకు తెలిసేది కాదు. ఇంటి ఖర్చుల్లో కలిసిపోతోంది అనుకునేదాన్ని.

ఫిబ్రవరి సమావేశంలో లీడరక్క అప్పుల పుస్తకం తెరిచి, రెండు కిస్తీలు బకాయి ఉన్నవాళ్ళ పేరు చదివింది. ఒక్కటే పేరు, నాదే. పది మంది ముందు. నాకు తల కొట్టేసినట్టు అయ్యింది. లేచి వచ్చేశాను. ఆ తర్వాత మూడు సమావేశాలకి వెళ్ళలేదు. పొదుపు డబ్బులు మా అమ్మాయితో పంపించాను. దారిలో ఎదురైతే తల పక్కకి తిప్పుకున్నాను. పంచసూత్రాలు మనం ప్రతి సమావేశంలో చదువుకుంటాం కదా, మొదటి సూత్రమే క్రమం తప్పని సమావేశం. నేను దాన్ని అలిగి తప్పాను.

మే నెలలో 436 రూపాయల బీమా ఫారాలు నింపుతుంటే ఒక విషయం బయటపడింది. ఫారంలో పుట్టిన తేదీ రాయాలి. మా పది మందిలో ఎనిమిది మందికి ఆధార్ కార్డులో జనవరి ఒకటో తేదీ ఉంది. మీ సంఘాల్లో కూడా చూడండి, ఇలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారో. తేదీ తెలియనివాళ్ళందరికీ ఆ తేదీయే వేశారు. మా వీఓఏ నవ్వుతూ, "జనవరి ఫస్టుకి మన సంఘం మొత్తానికి ఒక్క కేకు చాలు" అందట. అందరూ నవ్వారట. లీడరక్క మాత్రం, "నా తేదీ తెలీదు గానీ కార్తె తెలుసు. దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడాదే, దానికి ముందు రోహిణి కార్తెలో పుట్టానని మా అమ్మ చెప్పేది" అందట.

ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న. అంటే ఆవిడ పుట్టింది ఆ ఏడాది మే నెలాఖరులోనో జూను మొదట్లోనో. 2025 వేసవికి నలభై ఎనిమిది నిండుతాయి. మా సంఘంలో అందరికంటే చిన్నది ఒకమ్మాయి ఉంది, డిగ్రీ చదివింది. ఆ పిల్ల లెక్కవేసి, "2025 జూను ఒకటి ఆదివారం వచ్చింది, అది రోహిణి కార్తెలోనే, ఆ రోజు లీడరక్కకి పుట్టినరోజు చేద్దాం" అంది. అందరూ సరేనన్నారు. ఆవిడకి చెప్పకూడదు అనుకున్నారు. కేకు కోసం మా ఇంటికి వచ్చారు.

నేను చెయ్యనన్నాను. వేరే బేకరీలో తెచ్చుకోండి అన్నాను. వాళ్ళు వెళ్ళిపోయాక మా అత్తగారు బియ్యం ఏరుతూ ఒకే మాట అంది. "ఆవిడ నీ పేరు చదివింది ఒక్కసారి. అంతకుముందు ఎన్నిసార్లు నీ కోసం సంతకం పెట్టిందో లెక్కేశావా?" అంది. నేను ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం ఆ అమ్మాయికి ఫోన్ చేసి చేస్తానని చెప్పాను. ఎన్ని అంటే, నలభై ఎనిమిది అన్నాను.

పెద్ద కేకు ఎందుకు వద్దనుకున్నానో చెప్తాను. కేకు కోస్తే ఏమవుతుంది? ముందు పిల్లలకి, తర్వాత మగవాళ్ళకి, తర్వాత చుట్టాలకి. కోసిన ఆడమనిషికి చివర్లో అట్టకి అంటుకున్న క్రీము మిగులుతుంది. కప్ కేకులైతే ఎవరిది వాళ్ళకే. ఎవరి చేతిలో అయినా నిండుగా ఒకటి ఉంటుంది. ఎన్ని పోయాయో, ఎన్ని మిగిలాయో లెక్క కూడా తెలుస్తుంది.

ఇక పని గురించి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మా సముద్రం పక్క ఊళ్ళలో ఎండకి ఉక్కపోత కూడా తోడు. గురువారం రోజు చూద్దామని ఒక డజను చేసి, వాటి మీద గులాబీ రంగు క్రీముతో పువ్వులు వేశాను. ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు చూడటానికి పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి. వరండాలో పెట్టి పదకొండు గంటలకి గడియారం చూసుకున్నాను. ఇరవై నిమిషాలకి రేకులు వంగిపోయాయి. అరగంటకి పువ్వు పోయి గులాబీ రంగు మడుగు మిగిలింది. కాగితం కప్పు తడిసిపోయింది. వెన్నతో చేసిన క్రీము అయితే ఇంకా ముందే కారేది. వెన్న మన ఒంటి వేడికే కరుగుతుంది, మా వరండా ఆ వేళకి అంతకంటే వేడిగా ఉంటుంది. షాపులో దొరికే విప్పింగ్ క్రీము కొంచెం ఆగుతుంది గానీ అది కూడా చల్లగా ఉంటేనే. మా గ్రామ సంఘం భవనంలో ఏసీ లేదు, ఫ్రిజ్ లేదు. మధ్యాహ్నం కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు.

మా అత్తగారు ఆ మడుగు చూసి, "పాలకోవా కరుగుతుందా?" అని అడిగింది. నాకు తట్టలేదు చూడండి. నేను శిక్షణలో నేర్చుకున్న క్రీము గురించే ఆలోచిస్తున్నాను. మా అత్తగారు సారె కావిళ్ళలోకి కోవాతో బిళ్ళలు, కాయలు, పువ్వులు చేసిన మనిషి. దగ్గరగా కాచిన కోవాలో నీరు తక్కువ. ఎండకి కొంచెం నెయ్యి తేలుతుందేమో గానీ ఆకారం చెడదు.

గులాబీలు మానేసి మల్లెమొగ్గలు చేద్దామనుకున్నాం. వేసవి కదా, లీడరక్క సాయంత్రం అయితే మూర మల్లెపూలు పెట్టకుండా సమావేశానికి రాదు. పైగా కోవా రంగు మొగ్గ రంగుకి దగ్గరగా ఉంటుంది, వేరే రంగు కలపక్కర్లేదు.

ఎవరైనా చేసుకుంటారేమో, కొలతలు చెప్తాను. పన్నెండు కప్ కేకులకి 150 గ్రాముల మైదా, 125 గ్రాముల పంచదార పొడి, 90 మిల్లీలీటర్ల నూనె, రెండు గుడ్లు, 100 గ్రాముల చిక్కటి మామిడిపండు గుజ్జు, 50 మిల్లీలీటర్ల పాలు, ఒకటిన్నర చిన్న చెంచా బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, కొంచెం యాలకుల పొడి. బంగినపల్లి అయితే పీచు ఉండదు. రసాలు అయితే గుజ్జుని వడకట్టుకోవాలి. గుడ్లు, పంచదార నురగ వచ్చేదాకా గిలక్కొట్టి, నూనె, గుజ్జు, పాలు కలిపి, చివర్లో జల్లించిన మైదా, బేకింగ్ పౌడర్ వెయ్యాలి. మైదా వేశాక ఎక్కువ కలపకూడదు, కేకు గట్టిపడుతుంది. కప్పులో మూడింట రెండు వంతులే పొయ్యాలి. నిండుగా పోస్తే పొంగి పక్కకి కారిపోతుంది. ఓవెన్ ముందే వేడి చేసుకుని 180 డిగ్రీల మీద పద్దెనిమిది నుంచి ఇరవై నిమిషాలు. పుల్ల గుచ్చితే పొడిగా రావాలి. ఓవెన్ లేనివాళ్ళు కుక్కర్ అడుగున ఉప్పు పోసి, రబ్బరు, విజిల్ తీసేసి సన్న మంట మీద చేసుకోవచ్చు. నేను మొదట్లో అలాగే చేసేదాన్ని.

మా సంఘంలో ఇద్దరు గుడ్డు తినరు. వాళ్ళ కోసం ఒక డజను పెరుగుతో చేశాను. రెండు గుడ్లకి బదులు అరకప్పు గట్టి పెరుగు, అర చెంచా వంటసోడా. వాటిని వేరే ట్రేలో, వేరే రంగు కాగితం కప్పుల్లో పెట్టాను. తినేవాళ్ళ నమ్మకం మనం చెడగొట్టకూడదు.

కోవాకి రెండు లీటర్ల గేదె పాలు. మందంగా ఉన్న మూకుడులో, అడుగంటకుండా, చెయ్యి తీయకుండా తిప్పితే గంటంబావుకి దగ్గరపడ్డాయి. 100 గ్రాముల పంచదార చివర్లో వేశాం. ముందే వేస్తే రంగు మారుతుంది. చల్లారాక చేతికి నెయ్యి రాసుకుని బాగా మెదిపి, రెండేసి గ్రాముల ముద్దలు తీసి, రెండు చివరలూ సన్నగా మొగ్గలా చుట్టాం. కేకుకి అయిదు మొగ్గల చొప్పున 240 మొగ్గలు. కాడలకి ఆకుపచ్చ టూటీఫ్రూటీ ముక్కలు. మధ్యలో జీడిపప్పు పలుకు. ఒక చిన్న మాట, కేకు పూర్తిగా చల్లారాకే పైన ఏదైనా పెట్టాలి. వేడి మీద పెడితే కోవా కూడా మెత్తబడుతుంది. ఇంకొక మాట, కోవా పెట్టినవి వేసవిలో ఆ రోజే తినెయ్యాలి, మర్నాటికి ఉంచకూడదు. అందుకే మేము ఆదివారం పొద్దున నాలుగింటికి లేచి చేశాం. ఓవెన్ పని నాది, కోవా అత్తగారిది, మొగ్గలు ముగ్గురివీ.

సాయంత్రం అయిదింటికి భవనంలో బల్ల మీద పాత పట్టుచీర పరిచి, 48 కేకుల్ని పూలదండ వంపులో పేర్చాం. అర్జెంటుగా సమావేశం ఉందని లీడరక్కకి కబురు పంపారు. ఆవిడ చంకలో పుస్తకాలు పెట్టుకుని వచ్చింది. బల్ల చూసింది. మమ్మల్ని చూసింది. ఆవిడ ఏం చేసి ఉంటుందనుకుంటున్నారు? లెక్కపెట్టింది! వేలితో ఒక్కోటీ చూపిస్తూ లెక్కపెట్టి, "నలభై ఎనిమిది ఉన్నాయి. పిల్లలతో కలిపినా మనం ముప్పై మందిమి లేము. ఇంత దండగ ఎందుకే?" అంది.

అప్పుడు ఆ చిన్నమ్మాయి, "మీకు ఎన్నేళ్ళక్కా?" అంది.

ఆవిడ పుస్తకాలు బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చుండిపోయింది. కాసేపటికి చెప్పింది. వాళ్ళది కోడూరు వైపు ఊరు. ఉప్పెన నాటికి ఆవిడకి ఆరు నెలలు. తల్లి పిల్లని కొంగుతో గుండెకి కట్టుకుని ప్రాణం దక్కించుకుంది. తండ్రి దొరకలేదు. "ఆ ఏడు పేరెత్తితే మా అమ్మ ఏడ్చేది. అందుకని నేను ఎప్పుడు పుట్టానో ఇంట్లో ఎవరూ తలుచుకునేవాళ్ళు కాదు. నేను కూడా అడగలేదు" అంది. పదహారేళ్ళుగా ఒకే సంఘంలో ఉన్నాం. అందరి అప్పులూ ఆవిడకి తెలుసు. ఆవిడ గురించి ఈ ముక్క మాలో ఒక్కరికీ తెలీదు.

దీపం ఆర్పడం మాకు ఇష్టం లేక, కొవ్వొత్తి పెట్టలేదు. ఆవిడ చేత ప్రమిదలో దీపం వెలిగించాం. మా సంఘంలో పెద్దావిడ అక్షింతలు వేసింది. లీడరక్క మొదటి కప్ కేకు తీసుకుంది. మొగ్గలు ఒక్కొక్కటే గిల్లుకుని తింది. తర్వాత కేకు తింది. కాగితం మడిచి పక్కన పెట్టి, మూడు నెలల తర్వాత మొదటిసారి నా మొహంలోకి చూసి అడిగింది.

"ఒక్కోటి ఎంత పడింది?"

"నీ దగ్గర డబ్బులు తీసుకుంటానా అక్కా" అన్నాను.

"డబ్బులు ఇస్తానన్నానా? ఎంత పడిందని అడిగాను."

నాకు తెలీదు. పది రూపాయలు ఉండొచ్చు అన్నాను. ఆవిడ పుస్తకం వెనక తెల్లకాగితం తీసి, పెన్ను నా చేతికిచ్చి, "రాయి" అంది. అందరూ కప్ కేకులు తింటున్నారు. మేమిద్దరం లెక్క రాసుకుంటూ కూర్చున్నాం.

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. చదువుతాను. మైదా 600 గ్రాములు, 30 రూపాయలు. పంచదార కోవాతో కలిపి 600 గ్రాములు, 28. నూనె 360 మిల్లీలీటర్లు, 52. గుడ్లు ఆరు, 36. పెరుగు 12. మామిడిపళ్ళు 40. పాలు రెండు లీటర్ల 200, 176. బేకింగ్ పౌడర్, సోడా, యాలకులు 15. కాగితం కప్పులు 36. జీడిపప్పు, టూటీఫ్రూటీ 30. గ్యాస్ 25. కరెంటు 20. మొత్తం 500. నలభై ఎనిమిదితో భాగిస్తే పది రూపాయల నలభై పైసలు. "చూశావా, పది అన్నాను కదా" అన్నాను.

"నీ కూలి ఏదీ?" అంది.

"నా ఇంట్లో నేను చేసుకున్నదానికి కూలి ఏంటక్కా?"

"ఉపాధి హామీ పనికి వెళ్తే రోజుకి 307 రూపాయలు రేటు. గునపం పట్టిన చేతికి ఉన్న విలువ నీ చేతికి లేదా? ఎన్ని గంటలు చేశావు?"

లెక్కవేశాం. బజారు పని, పిండి కలపడం, నాలుగు వాయిలు కాల్చడం, కోవా కాచడం, ముగ్గురం కూర్చుని మొగ్గలు చుట్టడం, అన్నీ కలిపితే ఎనిమిది గంటలు. ఒక రోజు పని. 307 రాసింది. తర్వాత ఓవెన్ అరుగుదలకి, విరిగిపోయేవాటికి అని 53 రాసింది. మొత్తం 860. ఒక్కోటి దగ్గర దగ్గర 18 రూపాయలు.

నేను అమ్మేది 15కి. క్రీము కప్ కేకులకి కూడా ఖర్చు ఇంచుమించు ఇంతే. అంటే నేను అమ్మిన ప్రతిదాని మీదా నా కూలిలోంచి మూడు రూపాయలు నేనే ఎదురు పెట్టుకుంటున్నాను.

ఆవిడ అక్కడితో ఆపలేదు. నెలకి 300 అమ్మితే 4,500 వస్తాయి. సరుకులకి 3,100 పోతాయి. మిగిలేది 1,400. కిస్తీ 2,000. "నెలనెలా ఆరు వందలు తక్కువ పడుతుంటే నువ్వు ఎక్కణ్ణించి కడతావే? నువ్వు కిస్తీ ఎగ్గొట్టలేదు. ధర తప్పు పెట్టావు" అంది.

అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. మూడు నెలలుగా గొంతులో పెట్టుకున్న మాట అడిగేశాను. "ఇదే లెక్క ఫిబ్రవరిలో నన్ను పక్కకి పిలిచి వేసి ఉండొచ్చు కదా. పది మందిలో నా పేరు చదివేముందు, ఎందుకు కట్టలేకపోతున్నావని ఒక్క మాట అడగలేదు నువ్వు."

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "నీ పేరు చదవకుండా వదిలేస్తే రేపు ఇంకొకరి పేరు ఏ మొహం పెట్టుకుని చదవను? అదీ నా భయం. కానీ అడగాల్సింది. స్నేహితురాలివని చదవడం మానకూడదు అనుకున్నాను గానీ, స్నేహితురాలివి కాబట్టి ముందు అడగాలని నాకు తోచలేదు" అంది.

నేను కూడా ఒప్పుకున్నాను. నాకు చెప్పుకోవడం నామోషీ అనిపించింది. అలిగి ఇంట్లో కూర్చుంటే లెక్క దానంతట అదే సరిపోతుందా?

చివర్లో ఇంకొక మాట అంది. "ఈ కేకులకి నేను డబ్బులు ఇవ్వను. నువ్వు బహుమతిగా ఇచ్చావు, నేను తీసుకున్నాను. 860 రూపాయల బహుమతి. ఎంత ఇచ్చావో ఇప్పుడు నీకూ తెలుసు, నాకూ తెలుసు. తెలియకుండా ఇచ్చుకుంటూ పోతే అది చిల్లికుండ."

అక్కల్లారా, ఆ కాగితం తర్వాత నేను మూడు పనులు చేశాను.

మొదటిది, ధర 25 చేశాను. చెయ్యడానికి నాకు పదిహేను రోజులు ధైర్యం చాలలేదు. భయపడ్డట్టే ఒక కిరాణా కొట్టు వద్దంది. 300 అమ్మేదాన్ని 200కి పడిపోయాను. కానీ చూడండి, 200 అమ్మితే 5,000 వచ్చాయి. సరుకులకి 2,100 పోగా 2,900 మిగిలింది. కిస్తీ కట్టాక 900 చేతిలో ఉంది. తక్కువ చేశాను, ఎక్కువ మిగిలింది. నడుం నొప్పి కూడా తగ్గింది. ఆ మిగులుతో బకాయి కొంచెం కొంచెంగా కట్టుకుంటూ వచ్చి, సంక్రాంతిలోపు తీర్చేశాను. ఇప్పుడు నా పేరు మీద బకాయి లేదు. (చప్పట్లు)

రెండోది, ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ తీసుకున్నాను. ఇంట్లో చేసి అమ్మేవాళ్ళకి కూడా అది ఉండాలి. నేను తీసుకున్నప్పుడు ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకం ఉన్న చిన్నవాళ్ళకి ఏడాదికి 100 రూపాయలే ఫీజు. ఆధార్, ఫోటోతో ఆన్‌లైన్‌లో మా వీఓఏ పెట్టించింది. ఆ పద్నాలుగు అంకెల నంబరు డబ్బా మీద వేస్తున్నాను. గుడ్డు వేసిన డబ్బాల మీద గోధుమరంగు గుర్తు, పెరుగుతో చేసినవాటి మీద ఆకుపచ్చ చుక్క. గుడ్డు మాంసం కాదు కదా అని ఆకుపచ్చ చుక్క పెట్టకూడదు, గుర్తుపెట్టుకోండి.

మూడోది, నాకొక పుస్తకం పెట్టుకున్నాను. అమ్మినవి ఒక వైపు, ఊరికే ఇచ్చినవి ఇంకొక వైపు. ఆడపడుచు పిల్లలకి పన్నెండు, గుడిలో పంపకానికి ఇరవై, ఇలా. మానెయ్యలేదు. మన చేతులు పెట్టకుండా ఉండవు. కానీ నెలాఖరున చూసుకుంటే ఎంత పెట్టామో కనపడుతుంది. కనపడితే, వచ్చే నెల ఎంత పెట్టగలమో తెలుస్తుంది. పంచసూత్రాల్లో అయిదోది పుస్తకాల నిర్వహణ. అది సంఘానికే అనుకున్నాను ఇన్నాళ్ళూ. నా వంటింటికి కూడా అని నాకు నలభై దాటాక తెలిసింది.

మా సంఘం కూడా ఒక పని చేసింది. జూన్ సమావేశంలో తీర్మానం రాసుకున్నాం. ఎవరికైనా ఒక కిస్తీ తప్పితే, రెండోది తప్పేలోపు ఇద్దరు సభ్యులు వాళ్ళ ఇంటికి వెళ్ళి, కూర్చుని, కాగితం మీద లెక్క వెయ్యాలి. ఎంత వస్తోంది, ఎంత పోతోంది, ఎక్కడ తేడా వస్తోంది అని చూడాలి. ఆ తర్వాతే పేరు చదవాలి. పేరు చదవడం మానలేదు, నియమం నియమమే. ఈ ఏడాది ఇద్దరి ఇళ్ళకి అలా వెళ్ళాం. ఒకావిడ కుట్టుమిషను పెట్టుకుంది. బ్లౌజుకి దారం, హుక్కులు, లైనింగు అన్నీ కలిపి రాసింది గానీ తన కూలి రాయలేదు. నాకు నవ్వొచ్చింది. "నీ కూలి ఏదీ?" అని ఈసారి నేను అడిగాను. సమాఖ్యలో ఉన్న మిగతా సంఘాలు కూడా ఈ తీర్మానం గురించి ఆలోచించాలని నా మనవి.

ఇంకొక చిన్న మనవి. మీ సంఘంలో జనవరి ఒకటో తేదీవాళ్ళు ఎంతమంది ఉన్నారో చూడండి. వాళ్ళని అడగండి, ఏ కార్తెలో పుట్టారో, ఏ పంట కోస్తుంటే పుట్టారో, ఏ గాలివానకి ముందో తర్వాతో. ఒక సాయంత్రం వాళ్ళ కోసం కూర్చోండి. కేకే ఉండాలని లేదు, పులిహోర అయినా సరే. మాకు పదహారేళ్ళు పట్టింది.

చాలాసేపు మాట్లాడాను, సీసీ గారు గడియారం చూస్తున్నారు. ఇప్పుడు టీతో పాటు మీకు ఇచ్చేవి నేను చేసిన కప్ కేకులే. మామిడిపండువే, పైన మల్లెమొగ్గలు ఉంటాయి. గుడ్డు తిననివాళ్ళు ఆకుపచ్చ కాగితం ఉన్నవి తీసుకోండి. ఇవి బహుమతి కాదు. సమాఖ్య ఒక్కోటి 25 రూపాయలకి ఆర్డరు ఇచ్చింది, బిల్లు కూడా రాసిచ్చాను. ఆ బిల్లు ముందు లీడరక్కకి చూపించాను. కూలి రాశానా లేదా అని చూసి, సరే అంది.